బావకి బీసీ వచ్చింది

"బావకి బీసీ వచ్చినాదట!"

ఉప్మా బల్లల మీదికి వస్తున్న వేళ, వంటగది గుమ్మం దగ్గర పుట్టిందా మాట. ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకుతూ భోజనాల గది చివర కూర్చున్న నా దగ్గరికి చేరేసరికి దానికి మరో ముక్క అతుక్కుంది: "రక్తంలోనే ఉన్నాదట!"

నేను చెంచా కింద పెట్టేశాను. కులం రక్తంలో ఉండదని వయసులో ఉన్నప్పటి నుంచీ సభల్లో గొంతు పోయేలా వాదించిన మనిషిని. మా నాన్న నన్ను పెళ్లిళ్లకి తీసుకెళ్లలేదు గానీ సంస్కరణ సభలకి మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. ఇప్పుడు డెబ్బై దాటాక, వృద్ధాశ్రమంలో ఉప్మా చల్లారిపోతుండగా, సర్కారు డాక్టరమ్మ సూది గుచ్చి మరీ రక్తంలో కులాన్ని పట్టుకుందంటే నా జీవితకాలపు వాదమంతా ఏమైపోవాలి?

అసలు సంగతి తెలిసేసరికి నాకు నవ్వాగక పొలమారింది. పక్కనున్న వదిన నా వీపు మీద రెండు బాదింది.

ముందు ఈ బావ, వదిన ఎవరో చెప్పాలి. మా ఆశ్రమం విజయనగరం నుంచి గరివిడి వెళ్లే దారిలో ఉంది. అక్కడ మాలో ఎవరికీ ఎవరితోనూ రక్తసంబంధం లేదు. అయినా చేరిన వారం లోపే ప్రతివాళ్లకీ ఒక వరస తగులుకుంటుంది. ఒక్కదాన్నే బతకడానికి అలవాటుపడి, మోకాళ్లు మొరాయించాక పుస్తకాల పెట్టెలతో వచ్చి చేరిన నన్ను అందరూ పంతులమ్మా అంటారు. బావ నాగావళి పక్కన వరి పండించిన పెద్ద రైతు. ఎనభైకి దగ్గర పడ్డాడు, మీసం మాత్రం ఇంకా నిటారుగానే ఉంది. వదిన బాప్టిస్టు మిషను బడి హాస్టల్లో వంట చేసి రిటైరైన మనిషి. ఆవిడ పాట ఎత్తుకుంటే ఫ్యాను చప్పుడు వినబడదు. బావని ఆవిడ 'మావా' అంటుంది. ఆయనకి అది ఇష్టం లేదు, అందుకే అంటుంది.

బావకి ఒక అలవాటు ఉండేది. భోజనాల బంతిలో మొదటి కుర్చీ ఆయనది. పక్క కుర్చీ మీద తన తువ్వాలు మడిచి పెట్టేవాడు. ఎవరూ పక్కన కూర్చోకూడదని దానర్థం. అడిగితే "గాలాడాలి గదా" అనేవాడు. గాలికి కులమేమిటి బావా అని నేను, కులం పేరు నానెత్తినానా అని ఆయన, రోజుకోసారైనా వాదించుకునేవాళ్లం. వదిన వాదించేది కాదు. ఆదివారం ప్రార్థన ముగించుకుని, తెల్లచీర కొంగు సర్దుకుంటూ వచ్చి సరాసరి ఆ తువ్వాలు మీదే కూర్చునేది. బావ ఆ తువ్వాలుని సోమవారం పొద్దున్నే ఉతికించేవాడు. ఆదివారాలు మా ఆశ్రమంలో సినిమా ఉండేది కాదు. అవసరమూ ఉండేది కాదు.

ఇలా ఉండగా ఎండలు ముదిరే వేళ జిల్లా నుంచి ఒక డాక్టరమ్మ, ఆవిడతో ఇద్దరు సహాయకులు వచ్చారు. వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లకి కాలేయానికి సోకే వైరస్‌లు ఉన్నాయేమో చూడాలని. హెపటైటిస్‌లో బీ అని ఒకటి, సీ అని ఒకటి, ఇవి ఒంట్లో ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా కూర్చుని కాలేయాన్ని తినేస్తాయని ఆవిడ చక్కగా వివరించింది. ఎవరూ వినలేదు. అందరి కళ్లూ ఆవిడ తెచ్చిన బిస్కెట్ల పెట్టె మీదే ఉన్నాయి. అప్పుడు సహాయకుడు కుర్చీ ఎక్కినంత గొంతుతో అరిచాడు:

"బీ, సీ టెస్టుకి ఒక్కొక్కరూ వరసగా రండి!"

ఆ అరుపుతోనే మొదలైంది.

బావ కుర్చీలోంచి కదల్లేదు. "బీసీ టెస్టు మాకక్కర్నేదు. మేం ఓసీలం."

సహాయకుడు బిక్కమొహం వేశాడు. "ఓసీ టెస్టు లేదండి తాతగారూ."

"నేదు గదా! మరి నన్నెందుకు పిలస్తన్నావు?"

"నాకూ వొద్దు బాబూ," అంది వదిన. "నాను పుట్టుకతోనే బీసీ-సీ. సర్టిఫికెట్టు ట్రంకుపెట్టిలో ఉన్నాది, కావాలంటే సూడు. మళ్లీ గుచ్చి కనిపెట్టేదేటి?"

బీసీ-సీ అంటే తెలుగు పాఠకులకి చెప్పక్కర్లేదు. క్రైస్తవంలోకి మారిన దళితులకి సర్కారు కట్టిన గది అది. ఆ గదిలోనే ఏళ్ల తరబడి కూర్చున్న మనిషికి హెపటైటిస్ బీ, సీ అంటే ఇంకేం వినబడుతుంది?

మూల నుంచి ఒక మామ్మ అడిగింది: "పాజిటివొస్తే పింఛను పెరుగుతాదా, నాయనా?"

డాక్టరమ్మ తల పట్టుకుంది. ఇది కులం కాదు, జబ్బు అని మళ్లీ మొదటి నుంచి చెప్పింది. "రెండూ ఒకటే గదా," అని నేను అన్నది ఆవిడకి వినబడలేదు, మంచిదే అయింది. "ఇది రక్తం ద్వారానే వస్తుంది," అని ఆవిడ అనగానే మా రిటైర్డు బస్సు కండక్టరు గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "అయితే మనకి భయం నేదు. ఇక్కడ మనకెవులూ రక్తసంబంధీకులు నేరు."

చివరికి బావ చేత చెయ్యి చాపించింది వదినే. "సూదికి భయపడి కులం అడ్డెడతన్నాడు ఈ మావ," అని గది మొత్తానికీ వినబడేలా అంది. అంతే, బావ చొక్కా చెయ్యి భుజం దాకా మడిచేశాడు.

మాలో ఎవరికీ ఏమీ తేలలేదు. బావకి తేలింది. నిర్ధారించుకోవడానికి మళ్లీ రక్తం తీసి పెద్దాసుపత్రికి పంపారు. అక్కడా ఉందనే వచ్చింది. బీ లేదు, సీ ఒక్కటే. ఉప్మా పొద్దున డాక్టరమ్మ స్వయంగా వచ్చి, మర్యాదగా, ఎవరికీ తెలియకుండా బావని వంటగది పక్కకి తీసుకెళ్లి చెవిలో చెప్పింది. కానీ ఏ చెవిలో? బావకి రెండు చెవులూ సగం సగమే పనిచేస్తాయి.

"ఏటీ?" అన్నాడు బావ.

ఆవిడ కాస్త పెంచి చెప్పింది.

"ఏటీ? బీయా?"

"కాదండీ, సీ! సీ!" అని ఆవిడ అరవాల్సి వచ్చింది. ఆ రహస్యాన్ని వంటగది విన్నది, పెరట్లో గిన్నెలు తోముతున్న ఆవిడ విన్నది, రోడ్డు మీద వెళ్లే ఆటోవాడు విన్నాడో లేదో నాకు తెలియదు.

ఇదీ బావకి బీసీ వచ్చిన వైనం. వదిన లేచి వెళ్లి ఆయన ముందు చేతులు నడుముకి పెట్టుకుని నిలబడింది. "సివరికి నువ్వూ మావోడివి అయిపోనావన్నమాట. ఆదివారం సర్చికి రా మావా, ముందు బెంచీలో సోటుంచుతాను."

"బీ రానేదే! సీ ఒక్కటే!" అన్నాడు బావ.

"పోన్లే, సగం వొచ్చినాది."

అందరం నవ్వాం. బావ మీసం కూడా కొంచెం కదిలింది. అయితే డాక్టరమ్మ వెళ్తూ నాతో చెప్పిన మాట నవ్వే మాట కాదు. కాలేయం గట్టిపడటం మొదలైంది, ఇప్పుడు మొదలుపెడితే రోజుకో మాత్ర చొప్పున మూడు నెలల్లో వైరస్ పోయే అవకాశం చాలా ఎక్కువ, ఇంకా ఆలస్యం చేస్తే నేను మాటివ్వలేను, మీరు చదువుకున్నవారు, ఆయన చేత మింగించండి అంది. మాత్రలు ఆసుపత్రి వాళ్లే ఇచ్చారు. బావ చెయ్యాల్సిందల్లా నోరు తెరవడం. కానీ ఎనభైయ్యేళ్ల మీసాన్ని దాటుకుని మాత్ర లోపలికి వెళ్లాలి.

అదెక్కడ అంటిందని అడిగితే డాక్టరమ్మ ఫలానా చోట అని చెప్పలేనంది. పాత రోజుల్లో ఊళ్లలో ఒకే గాజు సిరంజిని వేడినీళ్లలో ముంచి అందరికీ పొడిచేవాళ్లు. ఒకే బ్లేడుతో వీధంతా గడ్డాలు గీయించుకునేవాళ్లు. పెద్ద కమతం వాళ్లకి ఒక సూది, పాలికాపులకి ఒక సూది అని లేదు. ఊరంతా బంతులు వేరు చేసుకుని, నూతులు వేరు చేసుకుని, చివరికి సూది దగ్గర అందరూ ఒకటైపోయారు. మేం సంస్కర్తలం ఏళ్ల తరబడి పెట్టలేకపోయిన సహపంక్తి భోజనం ఆ సూది ఎప్పుడో పెట్టేసింది. దీన్ని తలుచుకుని నేను ఒక పూటంతా ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నవ్వు ఆగింది మధ్యాహ్నం బంతిలో. మొదటి కుర్చీ ఖాళీగా ఉంది. పక్క కుర్చీ మీద తువ్వాలు కూడా లేదు. బావ వరండాలో, చేతులు కడుక్కునే కుళాయి పక్కన, పొట్టి స్టూలు మీద కూర్చుని తింటున్నాడు.

"ఎవరు పెట్టారు అక్కడ?" అన్నాను.

మా మేనేజరు భయస్థురాలు. ముప్పయ్యేళ్ల పిల్ల. "నాకు తెలుసు మేడం, కంచం వల్ల అంటదని డాక్టరమ్మ చెప్పారు. కానీ అందరూ ఒప్పుకోవట్లేదు," అంది. బావ కంచం అడుగునా గ్లాసు అడుగునా ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టించారు, కలిసిపోకుండా.

ఒప్పుకోనివాళ్లకి నాయకుడు కండక్టరు. "ఎవుడి సీటు ఆడిదే పంతులమ్మా. అంటు జబ్బు ఎక్కించుకుని బండి నడపనేం. నాను శ్రీకూర్మం ఎల్లి బావ పేరున మొక్కుకొస్తాను, అంతేగానీ కంచం లోపలికి రాకూడదు."

"మొక్కు నువ్వు మొక్కుకో, కంచం లోపల పెట్టు," అన్నాను. బస్సు కదల్లేదు.

ఏళ్ల తరబడి తన పక్క కుర్చీ ఖాళీగా ఉంచుకున్న మనిషికి ఇప్పుడు ఒక వరండా మొత్తం ఖాళీ దొరికింది. తర్కంలో దీన్ని నేను ఒక దెబ్బకి వాడుకోవచ్చు. వాడుకుందామనే వెళ్లాను. చెప్పొద్దూ, వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే బావ పప్పు కలిపి, ముద్ద చేసి, ఆ ముద్దని మళ్లీ విప్పేసి, మళ్లీ కలుపుతున్నాడు. తినడం లేదు. వాక్యం మింగేశాను.

"ఇక్కడ గాలి బాగున్నాది," అన్నాడు.

"మాత్ర వేసుకున్నావా?"

"మాత్రేటి? నా కళ్లు సూడు. తెల్లగున్నాయా నేదా? కామెర్లయితే పచ్చగుండాల గదా? నాకు కామెర్లు నేవు. ఆ మాత్ర మింగినానంటే నాకు జబ్బని నానే ఒప్పేసుకున్నట్టు. రేపు ఊళ్లో ఏటంతారు? ఫలానా వోరి కొడుక్కి బీసీ అంటారు."

"అది బీసీ కాదు బావా, వట్టి సీ!"

"మరీ దరిద్రం."

ఇక అసలు ప్రమాదం అప్పుడు బయటపడింది. ఒడిశా సరిహద్దు దగ్గర ఒక ఊళ్లో చేతులు కడిగి కామెర్లు దింపే మనిషి ఉన్నాడట. ఆయన సున్నం నీళ్లతో చేతులు కడిగితే జబ్బంతా పచ్చగా పళ్లెంలోకి దిగిపోతుందట. ఆయన మందు తింటే ఇంకే మందూ ముట్టకూడదు. వచ్చే ఆదివారం బావ మేనల్లుడు ఆటోలో తీసుకెళ్తానన్నాడు. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రల డబ్బా దిండు కింద మూత తీయకుండా పడి ఉంది.

మా నాన్న నేర్పిన నియమం ఒకటి ఉంది. ఎదుటివాడి వాదాన్ని ముందు వాడికంటే బాగా నువ్వు చెప్పు, ఆ తర్వాత ఖండించు. అందుకని "ఆయన చేతులు కడగడం నువ్వు కళ్లారా చూశావా?" అన్నాను.

"సూడకేటి! మా పెద్దమ్మకి కడిగినారు. పచ్చటి నీళ్లు పళ్లెం నిండా దిగినాయి."

"తర్వాత?"

"తర్వాత పోనాది."

"జబ్బా?"

"మా పెద్దమ్మ." బావ కాస్త ఆలోచించాడు. "అయితే కామెర్లతో పోనేదు. కామెర్లు దిగిపోనాకే పోనాది."

ఈ వాదాన్ని ఇంతకంటే బాగా నేను చెప్పలేను. కనుక ఖండించడం ఒక్కటే మిగిలింది. దానికి మాటలు చాలవని అర్థమైంది. నాకు ఆ విద్య తెలుసు. మామిడి చెక్క దంచి తీసిన రసం చేతికి పూసి, దాని మీద సున్నపు తేట పోస్తే నీళ్లు పచ్చగా దిగుతాయి. చెయ్యి రోగిదైనా సరే, జిల్లా కలెక్టరుదైనా సరే. వయసులో ఉన్నప్పుడు సంతల్లో చేసి చూపించేవాళ్లం. వంటగది వెనక మామిడిచెట్టు ఉంది. తాంబూలం వేసుకునే మామ్మ దగ్గర సున్నం ఉంది. సహాయకురాలిగా వదిన ఉండనే ఉంది.

"నీకు దేవుడు నేడంటావు గానీ దెయ్యం పనులన్నీ సేస్తావు," అంటూ వదిన రోట్లో చెక్క దంచింది. ఆవిడ అంత ఉత్సాహంగా దంచడం నేను క్రిస్మస్ పిండికి కూడా చూడలేదు. పథకం చెప్పాను: నువ్వు ముందుగా తడిగుడ్డతో అందరి చేతులూ దుమ్ము తుడిచినట్టు తుడువు. అందరికీ ఈ రసంలో ముంచిన గుడ్డ. బావకి మాత్రం మంచినీళ్ల గుడ్డ. రసం లేకపోతే పచ్చదనం లేదని తేలాలంటే ఒక్కరైనా రసం లేకుండా ఉండాలి. ప్రయోగానికి అదే ప్రాణం.

శనివారం మధ్యాహ్నం భోజనానికి ముందు అందర్నీ వరండాలోకి పిలిచాను. బావ స్టూలు మీద ఉన్నాడు. తెల్లటి పింగాణీ బేసిన్ బల్ల మీద పెట్టాను. కామెర్లు ఎవరికి ఉన్నాయో, ఎవరికి లేవో ఈ పూట నేను తేలుస్తానని ప్రకటించాను. నాస్తికురాలు మంత్రం వేస్తుందంటే రాని వాళ్లెవరు? మంచం దిగని మామ్మ కూడా దిగింది.

మేనేజరు చేతులు మొదట. వదిన తుడిచింది, నేను సున్నపు తేట పోశాను. బేసిన్‌లో నీళ్లు పసుపచ్చగా దిగాయి.

"అమ్మో!" అంది ఆ పిల్ల.

వంటావిడ చేతులు. పచ్చన. పింఛను మామ్మ చేతులు. పచ్చన. కండక్టరు ధైర్యంగా ముందుకొచ్చాడు, ఆయన అరచేతులు పెద్దవి, రసం బాగా పట్టింది. బేసిన్‌లో బంతిపూలు పిండినట్టు కారింది. ఆయన మొహం పాలిపోయింది.

"నాకూ... నాకూ వరండాయేనా, పంతులమ్మా?"

"ఎవరి సీటు వాళ్లదే గదా," అన్నాను. "ఉన్నవాళ్లందరూ ఇక్కడే కూర్చోవాలి. కుర్చీలు బయటికి తెప్పించు."

నా విజయం ఆ క్షణంలో అంత పెద్దగా ఉంది. ఇక ఆఖరి మెట్టు. బావ చేతులు చాపాడు. బేసిన్ పారబోసి కడిగి పెట్టాను, వదిన మంచినీళ్ల గుడ్డతో తుడిచింది. సున్నపు తేట పోశాను. నీళ్లు పోసినవి పోసినట్టే, తేటగా, మచ్చ లేకుండా దిగాయి. "ఇప్పుడు చూడండి," అని నేను నోరు తెరిచాను.

అంతకంటే ముందు బావ లేచి నిలబడ్డాడు. తువ్వాలు గాల్లోకి విసిరాడు.

"దిగీసినాది! నాకు దిగీసినాది! అందరికీ ఉన్నాది, నాకొక్కడికే నేదు!"

వరండా అదిరిపోయింది. ఎనభైకి దగ్గరైన మనిషి గంతు వేయడం మీరు చూశారా? నేను చూశాను. కండక్టరు ఏడుపు మొహంతో ఆయన్ని అభినందించాడు. పింఛను మామ్మ మాత్రలు నాకివ్వు, నీకెందుకింక అంది. జీవితంలో ఇన్ని సభల్లో ఇన్ని ప్రయోగాలు చేశాను గానీ, ప్రయోగం పూర్తిగా విజయవంతమై ఫలితం పూర్తిగా తలకిందులైనది అదొక్కటే.

"ఆగండి! ఆగండి!" అని బల్ల మీద చరిచాను. గొంతు పెంచి మొత్తం చెప్పేశాను. మామిడి చెక్క, రసం, గుడ్డ, సున్నం. మీలో ఎవరికీ ఏమీ లేదు, మీ పరీక్షల ఫలితాలు ఎప్పుడో వచ్చాయి, ఇది రంగు, వట్టి రంగు. అందరూ నన్ను తిట్టుకుంటూ ఊపిరి పీల్చుకున్నారు. బావ గంతు ఆపేశాడు.

"అయితే అందరి సేతులకీ రాసినారు," అన్నాడు.

"రాశాం."

"నాకెందుకు రాయనేదు?"

"ప్రయోగానికి ఒక్కరైనా మిగలాలి బావా."

ఆయన నా వైపు చూశాడు. "ఎప్పుడూ ఒకడు మిగలాల, ఆ ఒకడు నానే అవ్వాల. బంతిలోనూ నానే, గుడ్డ దగ్గరా నానే. నా సెయ్యి ముట్టుకోడానికి నీకూ భయమేసినాదేటి, పంతులమ్మా?"

సభలో ఎవరైనా ఇలా అడిగి ఉంటే పది సమాధానాలు చెప్పేదాన్ని. అవన్నీ నిజమే కూడా. కానీ వరండాలో నిలబడ్డ మనిషికి వాటితో పనిలేదు. రోట్లో మిగిలిన తడి పిప్పిని గుప్పెడు తీసి, ఆయన రెండు చేతులూ పట్టుకుని, వేళ్ల సందుల దాకా రుద్దాను. బాగా రుద్దాను. వదిన చెంబు అందుకుని సున్నపు తేట పోసింది. నీళ్లు పచ్చగా దిగాయి, అందరికంటే పచ్చగా.

బావ ఆ పచ్చదనం చూడలేదు. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు. జీవితమంతా చెట్టూ చేమా మధ్య బతికిన మనిషి.

"మావిడి సెక్క," అన్నాడు నెమ్మదిగా. మళ్లీ వాసన చూశాడు. "మా పెద్దమ్మ సేతులకీ ఈ వాసనే వచ్చినాది. పచ్చటి నీళ్లు దిగినాక నా బుగ్గ నిమిరినాది ముసిల్ది. ఇదే వాసన."

"దొంగ నాయాలు," అన్నాడు బావ. అన్నాక ఆయనకి నవ్వు వచ్చింది. మొదట మీసంలో, తర్వాత భుజాల్లో, తర్వాత పొట్టలో. స్టూలు మీద కూలబడి నవ్వాడు. అందరం నవ్వాం. పచ్చటి చేతులతో కళ్లు తుడుచుకోకండమ్మా, సున్నం మంట పుడుతుందని నేను అరుస్తూనే ఉన్నాను.

ఆదివారం ఆటో వచ్చి ఖాళీగా వెళ్లిపోయింది. మేనల్లుడికి ఒక కప్పు టీ, మామిడి చెక్క గురించి ఒక గంట ఉపన్యాసం దొరికాయి. రెండోది బావే ఇచ్చాడు.

శనివారం వరండాలోకి వచ్చిన కుర్చీలు మళ్లీ లోపలికి వెళ్లలేదు. నిజంగానే అక్కడ గాలి బాగుంటుంది. మర్నాటికి మా అందరి కంచాల అడుగునా ఎర్ర చుక్కలు వెలిశాయి. వదిన వేళ్లకి నెయిల్ పాలిష్ అంటుకుని ఉంది. ఇప్పుడు ఎవరి కంచం ఎవరిదో చెప్పడం ఆ భగవంతుడి వల్ల కూడా కాదు, ఉంటే గింటే.

ఇక మాత్ర సంగతి. ఒంటరిగా గదిలో మింగమంటే బావ ఒప్పుకోలేదు. "బంతిలో అయితే మింగుతాను," అన్నాడు. ప్రతి ఉదయం ఉప్మాలో, ఇడ్లీలో, చోడి అంబలిలో, ఏది ఉంటే దాని తర్వాత, వదిన చెంచాతో గ్లాసు మీద కొట్టేది. "మావా, నీ సీ మాత్ర!" బావ నాలుక మీద పెట్టుకుని నీళ్లు తాగేవాడు. నోరు తెరిచి చూపించేవాడు. అప్పుడు కండక్టరు దాచుకున్న ఉద్యోగపు విజిల్ తీసి ఊది, "రైట్ రైట్!" అనేవాడు. రోడ్డు మీద ఒకటి రెండు బస్సులు అనవసరంగా కదిలాయని చెప్పుకుంటారు.

ఆశ్రమంలో ఇంకొన్ని మారాయి. షుగరు చూడటానికి వేలు పొడిచే సూది ఒకరికి వాడింది ఇంకొకరికి వాడరు. గడ్డం బ్లేడు ఎవరిది వాళ్లదే. సీకి టీకా లేదుగానీ బీకి ఉంది, అది మాకు వేయించారు. టీకా వేయించుకుని వస్తూ పింఛను మామ్మ ఇంటికి ఫోను చేసి, "ఇంక నాకు బీసీ రాదంట," అని చెప్పింది. అవతల వాళ్లు ఏమనుకున్నారో.

మూడు నెలలూ వానల్లో గడిచాయి. మాత్రలు అయిపోయాక మరికొన్నాళ్లు ఆగి రక్తం చూడాలన్నారు. ఆ కొన్నాళ్లు అందరికంటే ఎక్కువ సణిగింది వదిన. వాళ్ల మేనకోడలు భావనపాడు నుంచి ఎండుచేపలు తెస్తే సగం బావ కంచంలో వేసేది. "తిను. సచ్చిపోతే ఆదివారం నానెవుడి తువ్వాలు మీద కూకోవాల?" అనేది. అలవాటు కొద్దీ బావ పక్క కుర్చీ మీద తువ్వాలు ఇంకా ఉండేది మరి.

డాక్టరమ్మ ఫోను టిఫిన్ వేళకే వచ్చింది. ఈసారి చెవిలో చెప్పే ప్రయత్నం చెయ్యలేదు. మేనేజరు ఫోను స్పీకరులో పెట్టి బల్ల మధ్యలో ఉంచింది.

"వైరస్ లేదండీ. సీ పూర్తిగా పోయింది."

"ఏటీ?" అన్నాడు బావ.

"సీ పోయింది!" అని వరండా మొత్తం అరిచింది. కండక్టరు విజిల్ ఊపిరి ఆగేదాకా ఊదాడు. నేను చప్పట్లు కొట్టాను, నా చేతులు నొప్పి పుట్టాయి.

వదిన లేచి నడుముకి చేతులు పెట్టుకుంది. "అయితే మళ్లీ ఓసీవి అయిపోనావా, మావా?"

బావ ఆలోచించాడు.

"సీ పోనాది గదా," అన్నాడు. "ఓసీలోంచి సీ తీసీసినారు. మరింక ఓసీ ఎక్కడుంటాది? ఓ ఒక్కటీ మిగిలినాది."

"వట్టి ఓ ఏటి సేసుకుంతావు?"

బావ పక్క కుర్చీ మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. ఆ రోజు ఆదివారం కూడా కాదు.

"పిలవడానికి పనికొస్తాది," అని వదిన వైపు తిరిగాడు. "ఓ! ఓ వంటామె! నిలబడి సూస్తావేటి? రా, కూకో. ఇడ్లీ సల్లారిపోతంది."